పండితులు పిల్లలకు రాయాలి, రెండు లిపుల్లో

నిడుగల్లు తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని ఒక హోబళి. పావగడకు మూడు దిక్కులా ఆంధ్రప్రదేశే. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం వైపు నుంచి వచ్చే గాలి, మాట, చుట్టరికం అన్నీ ఇక్కడిదాకా వస్తాయి. పాలన కర్ణాటకది. అందువల్ల ఇక్కడి ఎందరో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదువుతారు. ఇందులో తప్పేమీ లేదు. రెండు భాషలు వచ్చిన పిల్లవాడు ఒక భాషే వచ్చినవాడికంటే లోకాన్ని ఎక్కువ చూస్తాడు. కాని అమ్మ చెప్పే కథ ఉన్న భాషలో ఆ పిల్లవాడి చేతికి అచ్చు పుస్తకం అందడం అరుదు. తెలుగు ప్రచురణకర్త చూపు హైదరాబాదు, విజయవాడల మీద ఉంటుంది, కన్నడ ప్రచురణకర్త చూపు బెంగళూరు, ధారవాడల మీద ఉంటుంది. ఈ లోటు తీర్చగలవాళ్లు ఎవరని వెతికితే ముందు కనబడేది మత సంస్థలు నడిపే కళాశాలల్లో చదువుకున్నవారే. తిరుపతి ప్రాచ్య కళాశాల పట్టభద్రులు, పుట్టపర్తి విశ్వవిద్యాలయంలో చదివినవారు, తుమకూరు సిద్ధగంగ మఠం నీడలో సంస్కృతం నేర్చినవారు, మిషనరీ కళాశాలల నుంచి వచ్చినవారు, అరబ్బీ మదరసాల్లో చదివి తెలుగులో రాయగలిగినవారు. వీళ్లు పిల్లలకు పుస్తకాలు రాయాలి, రాయించాలి అన్నది నా వాదన. అయితే పిల్లవాడి నోటి భాషలో రాయాలి, పిల్లవాడి ప్రశ్నకు చోటివ్వాలి. ఈ షరతు లేకపోతే ఆ పుస్తకాలు రాకపోయినా నష్టం లేదు.

మత విద్య పొందినవాళ్లు పిల్లల కథలు రాయడం కొత్త ఆలోచన అనుకునేవారు నిడుగల్లు కొండనే చూడాలి. హేమావతి రాజధానిగా, ఈ కొండ దుర్గంగా చోళులమని చెప్పుకున్న ఇరుంగోళుల వంశం ఈ సీమను ఏలింది. హేమావతి ఇప్పుడు సరిహద్దుకు ఆవల శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇరుంగోళుడి కాలంలో, 1232లో, ఈ కొండ మీద పార్శ్వనాథుడికి బసది కట్టించినట్టు శాసనం ఉంది. జైన మునులు తిరిగిన నేల ఇది. ఆ మునులు కథకు ఇచ్చిన విలువ ఎంతటిదో తెలియాలంటే కన్నడంలోని వడ్డారాధనె చాలు. పందొమ్మిది కథల ఆ వచన గ్రంథం మత బోధ కోసమే పుట్టినా కన్నడ వచనానికి తొలి మెట్లలో ఒకటిగా నిలిచింది. మనం పిల్లల పుస్తకంగా చెప్పుకునే పంచతంత్రాన్ని 1199లో విస్తరించి తిరగరాసిన పూర్ణభద్రుడు జైన ముని. నక్క, కోతి, మొసలి కథలకు సన్యాసి కలం ఎందుకని ఆనాడు ఎవరూ అడగలేదు. కథ లేకుండా ధర్మం మనసుకు పట్టదని వాళ్లకు తెలుసు.

శైవుల దారి ఇంకా దగ్గరిది. పాల్కురికి సోమనాథుడు వేదవేదాంగాలు చదివిన పండితుడు. బసవపురాణం రాసేటప్పుడు సంస్కృత వృత్తాలను పక్కనపెట్టి, అందరూ పాడుకోగల ద్విపదను ఎంచుకున్నాడు, జాను తెనుగు కావాలన్నాడు. అందులో గొడగూచి కథ ఉంది. తండ్రి ఊరికి వెళుతూ శివుడికి పాలు పెట్టమని కూతురికి చెబుతాడు. దేవుడు నిజంగానే వచ్చి గిన్నె ఖాళీ చేస్తాడని ఆ పసిపిల్ల నమ్మకం. పాలు అలాగే ఉండిపోతే ఏడుస్తుంది, బతిమాలుతుంది, బెదిరిస్తుంది. ఆ మొండితనానికి దేవుడే దిగివస్తాడు. తర్వాత ఎవరూ ఆమె మాట నమ్మరు. పిల్లల మాట పెద్దవాళ్లు నమ్మకపోవడమే ఆ కథకు కీలకం. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ గమనింపు ఈనాటి ఏ బాల సాహిత్యకారుడికైనా పాఠమే. అదే కథ కన్నడంలో కోళూరు కొడగూసుగా ప్రసిద్ధం. బసవపురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చాడు. సోమనాథుడు కర్ణాటకలోని మాగడి దగ్గర కల్యలో శివైక్యం చెందాడని సంప్రదాయం చెబుతుంది. తెలుగు, కన్నడాల మధ్య కథలు నడిచిన బాట మత విద్య ఉన్నవాళ్లు వేసినదే. నిడుగల్లు ఆ బాట పక్కనే ఉంది.

తర్వాత ఆ బాట ఎక్కడ మూసుకుపోయిందో చూడాలి. 19వ శతాబ్దంలో బడులు, అచ్చు యంత్రాలు, పరీక్షలు వచ్చాయి. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చు వేయించాడు. పంచతంత్రంలోని మిత్రలాభం, మిత్రభేదం అందులో ఉన్నాయి. తరతరాల తెలుగు విద్యార్థులు దాన్ని చదివి పెరిగారు. ఆ గద్యంలోని నడక, సమాసాల బిగువు ఎవరూ కాదనలేనివి. కాని ఎలుక, కాకి, తాబేలు, లేడి కూర్చుని మాట్లాడుకునే కథను అర్థం చేసుకోవడానికి నిఘంటువు తెరవాల్సి రావడం ఆనాటి పిల్లలకు చేసిన అన్యాయమే. పంచతంత్రం పుట్టిందే చదువంటే పారిపోయే రాజకుమారుల కోసమని ఆ గ్రంథమే చెప్పుకుంటుంది. అలాంటి గ్రంథం చదువంటే భయం పుట్టించే పాఠమైంది. పండితుడి చేతిలో పిల్లల పుస్తకం ఎలా దారి తప్పుతుందో దీనికంటే పెద్ద రుజువు అక్కరలేదు. తప్పు చిన్నయసూరిది మాత్రమే కాదు. ఆయన రాసింది పరీక్ష పాఠమైంది, పరీక్షకు కష్టమే గౌరవమైంది. విద్వాన్, భాషాప్రవీణ చదువులు ఆ గౌరవం మీదే నిలబడ్డాయి.

ఆ చదువు ఏం గుర్తించలేకపోయిందో చెప్పడానికి ఈ సీమ బిడ్డ పుట్టపర్తి నారాయణాచార్యుల జీవితం చాలు. పెనుకొండలో పెరిగిన ఆయన బాల్యంలోనే పెనుగొండలక్ష్మి రాశారు. ఊళ్లోని కోట, కూలిన గుడులు, రాయల జ్ఞాపకాలు ఒక కుర్రవాడి గొంతులో కావ్యమయ్యాయి. తర్వాత తిరుపతి సంస్కృత కళాశాలలో చదివారు. విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన చిన్ననాటి కావ్యమే పాఠ్యపుస్తకంగా ఎదురైందని, ఒక్క ప్రశ్నకే మనసు విప్పి రాస్తూ పోవడంతో పరీక్ష తప్పారని సాహిత్య లోకం చెప్పుకుంటుంది. ఈ కథను చాలామంది వింతగా చెప్పుకుని వదిలేస్తారు. నాకు అందులో ముఖ్యంగా కనబడేది వేరు. ఆ కుర్రవాడికి పెనుకొండ కోట తన ఆటస్థలం, తన ఊరు, తన భాష. తనదైన లోకం అచ్చులోకి రావచ్చని ఒక పిల్లవాడికి తెలిస్తే ఏం జరుగుతుందో పెనుగొండలక్ష్మి చెబుతుంది. నిడుగల్లు కొండ కింద ఆడుకునే పిల్లలకు ఆ సంగతి చెప్పే పుస్తకం ఏది?

మత సంస్థలో పనిచేస్తూ పండితుడు పిల్లవాడి నోటికి చెవి ఒగ్గిన సందర్భమూ మనకుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి తిరుమల తిరుపతి దేవస్థానంలో అన్నమయ్య రాగిరేకుల మీద పనిచేసిన మహాపండితుడు. తాళపత్రాలు, శాసనాలు, చాటుపద్యాలు వెదికి ఏరిన ఆ చేతులే బాలభాష పేరుతో పిల్లల పాటలనూ ఆటమాటలనూ పోగుచేశాయి. పాండిత్యం పసిపిల్లల భాషకు అడ్డుగోడ కానక్కరలేదని, పాండిత్యం ఉన్నవాడికే ఆ భాష విలువ ముందు తెలుస్తుందని ఆయన పని చూపించింది. అన్నమయ్య లాలిపాటలు రాశాడని పొంగిపోయే మనం ఆ పాటల వరుసలో ఇవాళ ఏం రాస్తున్నామో ప్రశ్నించుకోవడం లేదు. ప్రాచ్య కళాశాలల్లో సిద్ధాంత గ్రంథాలు వస్తున్నాయి. ప్రబంధాల్లో అలంకారాలు, శతకాల్లో నీతి, పురాణాల్లో సామాజిక జీవితం వంటి అంశాల మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అవి జరగాలి కూడా. ఆరేళ్ల పిల్లకు పదహారు పేజీల కథ రాయగలగడం కూడా పాండిత్యానికి పరీక్షేనని మాత్రం ఏ విశ్వవిద్యాలయమూ గుర్తించలేదు. ఎనిమిది వందల పేజీల వ్యాసంలో దాచుకోగల అస్పష్టత పదహారు పేజీల్లో దాగదు.

మత సంస్థ నడిపే కళాశాలలో చదివినవాడు ఆ మతాన్నే రాస్తాడని భయపడేవారు కొడవటిగంటి కుటుంబరావును గుర్తు చేసుకోవాలి. లూథరన్ మిషనరీలు 1885లో పెట్టిన గుంటూరు ఏ.సి. కాలేజీలో ఆయన ఇంటర్ చదివారు. విజయనగరంలో డిగ్రీ చేశారు. హేతువాది, మార్క్స్ వైపు మొగ్గినవాడు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ సంపాదకత్వ బాధ్యతలు మోసి రామాయణ, మహాభారతాలతో పాటు ఎన్నో పురాణ, జానపద గాథలను తేట తెలుగులో పిల్లలకు చెప్పారు. ఆ కథల్లో క్రైస్తవమూ కనిపించదు, నాస్తికత్వమూ కనిపించదు. కథ కనిపిస్తుంది. తను నమ్మనిదాన్ని కూడా పిల్లవాడి తెలివిని గౌరవిస్తూ చెప్పడం, తను నమ్మినదాన్ని పిల్లవాడి నెత్తిన రుద్దకపోవడం, ఈ రెండు నిగ్రహాలు ఆయనకు ఉన్నాయి. ఇదే నిగ్రహం దేవుణ్ణి నమ్మే రచయితకూ ఉండాలి, ఉండగలదు. 1947లో తెలుగు, తమిళాల్లో మొదలైన చందమామ కొద్దికాలంలోనే కన్నడంలోకీ వెళ్లింది. అదే కథ, అదే బొమ్మ రెండు భాషల ఇళ్లలోకి అడుగుపెట్టాయి. ఆ పత్రిక గత దశాబ్దం తొలినాళ్లలో ఆగిపోయాక ఆ పని ఎవరి చేతికీ అందలేదు.

నాకు అన్నింటికంటే బలంగా తోచే రుజువు మదనపల్లె దగ్గర ఉంది. జిడ్డు కృష్ణమూర్తి అక్కడ పుట్టారు. దివ్యజ్ఞాన సమాజం ఆయన్ను జగద్గురువుగా పెంచితే, తన చుట్టూ కట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంఘాన్ని 1929లో రద్దు చేసి, సత్యానికి సంస్థలు దారి చూపలేవని ప్రకటించారు. ఆయన స్ఫూర్తితో పెరిగిన రిషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో ఒక ఉపాధ్యాయుడు నడిపే చిన్న బడులు పెట్టింది. వాటి కోసం తెలుగులో చదువు కార్డులు తయారుచేసింది. ఆ కార్డుల్లోకి పల్లె పాటలు, పొడుపు కథలు, పొలం పనులు, సంతలో లెక్కలు వచ్చాయి. ఏ పిల్లవాడి వేగం వాడిదే. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట నుంచి ప్రభుత్వ ఉపాధ్యాయులు వచ్చి ఆ పద్ధతి చూసి వెళ్లి, కన్నడంలో నలికలి పేరుతో సొంతం చేసుకున్నారు. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి మూడో తరగతి దాకా రాష్ట్రమంతటా పాకింది. రాయలసీమ తెలుగు పల్లెల్లో పుట్టిన చదువు పద్ధతి కన్నడంలోకి వెళ్లి, అక్కడి నుంచి పావగడ బడులకు చేరింది. తెలుగు మాట్లాడే పిల్లవాడి దగ్గరికి తెలుగు పల్లెల నుంచి బయల్దేరిన ఆ పద్ధతి చేరేసరికి అందులో తెలుగు మాత్రం మిగల్లేదు. ఎవరో కుట్ర చేసి ఇలా చేయలేదు. ఆ పిల్లవాడు ఎవరి లెక్కలోనూ లేడు, అంతే.

ఇంటి భాష నుంచి చదువు మొదలుపెట్టాలన్నది భావోద్వేగం కాదు. యునెస్కో 1953లోనే మాతృభాషల్లో చదువు మీద నివేదిక వెలువరించింది. మన రాజ్యాంగంలో 1956 ఏడో సవరణతో చేర్చిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించమని రాష్ట్రాలను ఆదేశిస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం ఇంటి భాష, బడి భాష వేరైనచోట రెండు భాషల్లో పాఠ్య సామగ్రి ఉండాలంది. వీటన్నిటికంటే ముందే, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు నడిపించారు. ఆయన్ను మనం వ్యావహారిక భాషా వాదిగా పూజిస్తున్నాం గాని, ఆ వాదం ఒక కొండ పిల్లవాడి నోటి దగ్గర మొదలైందని మరచిపోతున్నాం. సవరలకు వాచకం లేదని గిడుగు ఎదురుచూడలేదు. పావగడ తెలుగువాడికి లిపి ఉంది, వెయ్యేళ్ల సాహిత్యం ఉంది, సరిహద్దు దాటితే రెండు రాష్ట్రాలు ఉన్నాయి. ఆ పిల్లవాడికి పుస్తకం లేకపోవడం ఎక్కువ సిగ్గుపడాల్సిన విషయం.

అభ్యంతరాలకు వస్తాను. మత సంస్థల్లో చదివినవాళ్లకు పిల్లల పుస్తకాలు అప్పగిస్తే పసి మనసుల్లో మతం చొప్పించినట్టు కాదా అన్నది మొదటిది, బరువైనది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధ ఉండరాదని రాజ్యాంగం 28వ అధికరణంలో చెప్పింది. నేను ఆ గీతకు ఇవతలే నిలబడతాను. ప్రభుత్వ బడిలో పాఠంగా చెప్పే పుస్తకం, గ్రంథాలయంలో బీరువాలోంచి పిల్లవాడు తనంతట తాను తీసుకునే పుస్తకం ఒకటి కావు. గ్రంథాలయంలో రామాయణం ఉండాలి, బసవన్న కథ ఉండాలి, యేసు చెప్పిన తప్పిపోయిన కొడుకు కథ ఉండాలి, ప్రవక్త జీవితం ఉండాలి, కృష్ణమూర్తి ప్రశ్నలూ ఉండాలి. పావగడలో దర్గాలూ ఉన్నాయి, శనేశ్వరుడి గుడికి వచ్చే జనమూ ఉన్నారు, దళితవాడల్లో చర్చికి వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. ఒక మతం వాళ్ల కథలే అచ్చయితే అది ప్రచారం అవుతుంది. అందరి కథలూ పక్కపక్కన ఉంటే అది ఊరు. తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్ వంటి సంస్థలు తెలుగులో పుస్తకాలు వేస్తున్నాయి, రామకృష్ణ మఠం వేస్తోంది, క్రైస్తవ ప్రచురణ సంస్థలు వేస్తున్నాయి. వాటన్నిటిలో పిల్లల కోసం రాయగలవాళ్లను ఎంచి ఒకే షరతుల కింద రాయించడమే సరైన దారి. ఎదుటి మతాన్ని తక్కువ చేసే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. చదివిన పిల్లవాడు ఎందుకు అని అడిగితే నోరు మూయించే వాక్యమూ ఉండకూడదు. గొడగూచి దేవుణ్ణే నిలదీసింది. అలాంటి కథలు రాసే సంప్రదాయం ప్రశ్నకు భయపడనక్కరలేదు.

రెండో అభ్యంతరం నీతి బోధ గురించి. దీన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. పుట్టపర్తి నిడుగల్లుకు దూరమేమీ కాదు. అక్కడి సంస్థ 1969 నుంచి బాలవికాస్ తరగతులు నడుపుతోంది. 1981లో అక్కడి కళాశాలలకు డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. సత్యసాయి ప్రసంగాల్లోని పిట్టకథలు చిన్న కథ పేరుతో సంపుటాలుగా వచ్చాయి. ఆ పిట్టకథల్లో చాలావాటికి నోటి కథకు ఉండే చురుకు ఉంది, ఎందుకంటే అవి మొదట విన్నవాళ్ల ముందు చెప్పినవి. కాని ఏ సంస్థ నుంచి వచ్చినా, విలువల పుస్తకం అనగానే కథ చివర నీతి అని రాసి గీత గీసే అలవాటు మనకు పట్టుకుంది. ఆ గీత కింద రాసేది రచయితకు కథ మీద నమ్మకం లేదని చెప్పే ఒప్పుకోలు. మొసలి వీపు మీద కూర్చున్న కోతి గుండె చెట్టుమీదే మరచిపోయానని చెప్పి ప్రాణం దక్కించుకుంటుంది. ఆ కథ విన్న ఏడేళ్ల పిల్లకు సమయస్ఫూర్తి గురించి ఉపన్యాసం అక్కరలేదు. మత కళాశాలల పట్టభద్రులకు వచ్చిన పెద్ద ఇబ్బంది ఇక్కడే. వాళ్ల చదువు సిద్ధాంతం నుంచి ఉదాహరణకు నడుస్తుంది. పిల్లవాడు ఉదాహరణ దగ్గరే ఆగి, మిగతాది తనంతట తాను తేల్చుకుంటాడు. ఈ నడకను తిరగవేయడం శిక్షణతో వస్తుంది. పిల్లల ముందు చదివి వినిపించి, వాళ్ల చూపు ఎక్కడ పక్కకు మళ్లిందో అక్కడ కొట్టివేయడం ఆ శిక్షణలో మొదటి మెట్టు. పిల్లలు విసుగును దాచుకోలేరు. వాళ్లకంటే నిజాయితీ గల సంపాదకులు దొరకరు.

కర్ణాటకలో తెలుగు పుస్తకాల మాట ఎత్తితే కన్నడానికి పోటీ తెస్తున్నారని కొందరు నొచ్చుకుంటారు. ఆ నొప్పిని నేను తేలిగ్గా తీసుకోను. బెంగళూరులో కన్నడం వెనక్కి జరుగుతున్నదన్న బాధ నిజమైనది, ఇంగ్లీషు ముందు తెలుగుదీ అదే స్థితి. పావగడ పిల్లవాడు కన్నడం బాగా నేర్వాలి. వాడి ఉద్యోగం, వాడి కోర్టు, వాడి ఓటు ఆ భాషలో ఉన్నాయి. నేను అడిగేది తెలుగు పుస్తకం కూడా కాదు, తెలుగు కన్నడ పుస్తకం. ఎడమ పుటలో తెలుగు, కుడి పుటలో కన్నడం, మధ్యలో ఒకే బొమ్మ. ఈ రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి చీలినవి, అచ్చు యంత్రం వచ్చేదాకా మరీ దూరం జరగలేదు. ఒకటి చదవగల పిల్లవాడు రెండోదాన్ని తలకట్టు తేడా గమనిస్తూ కొద్దికాలంలోనే పట్టుకుంటాడు. ఇలాంటి పుస్తకంతో ఇంట్లో తెలుగు మాత్రమే చదవగల అవ్వ, బడిలో కన్నడం నేర్చిన మనవడు ఒకే కథను పక్కపక్కన చదవగలుగుతారు. కన్నడ తల్లిదండ్రుల పిల్లలకూ పొరుగు భాష వస్తుంది. భాషల మధ్య తగువు కాగితాల్లోనూ వేదికల మీదా ఎక్కువగా కనిపిస్తుంది. సంతలో అది కనబడదు. పిల్లల పుస్తకం సంత పద్ధతిలో ఉండాలి.

ఇదంతా ఎవరు కొంటారు, ఎక్కడ పెడతారు అనేవారికి జవాబు సిద్ధంగా ఉంది. కర్ణాటకలో 5,600కు పైగా గ్రామ పంచాయతీ గ్రంథాలయాలు ఉన్నాయి. వాటిని 2019లో గ్రామీణాభివృద్ధి శాఖ చేతికి ఇచ్చారు. 2020లో ఓదువ బెళకు కార్యక్రమం కింద ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చారు. అరివు కేంద్రాలని పిలుస్తున్న ఆ గదుల్లో సరిహద్దు తాలూకాలకు ఒక తెలుగు కన్నడ అర కావాలి, అంతే. ఇక రాసి, అచ్చు వేసే శక్తి విషయానికొస్తే, తిరుమల తిరుపతి దేవస్థానం సప్తగిరి మాసపత్రికను తెలుగు, కన్నడాలతో సహా ఆరు భాషల్లో నడుపుతోంది. అంటే ఒకే కప్పు కింద తెలుగు సంపాదకులు, కన్నడ సంపాదకులు, అచ్చు యంత్రాలు, సంస్కృత పండితులు అన్నీ ఉన్నాయి. తిరుపతిలో సంస్కృత విద్యాపీఠం 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైంది. తుమకూరులో సిద్ధగంగ మఠం వేలమంది పిల్లలకు కులమతాలు చూడకుండా అన్నం, చదువు, నీడ ఇస్తోంది. 2019లో శివైక్యం చెందిన శివకుమార స్వామి ఆ పనికి ఎనిమిది దశాబ్దాలు ఇచ్చారు. ఇంతమంది పిల్లలు నిత్యం ఉండే మఠానికి ఏ కథ పిల్లలకు పడుతుందో తెలుసుకోవడానికి సర్వేలు చేయాల్సిన పని లేదు. డబ్బు, మనుషులు, పిల్లలు అన్నీ ఈ సంస్థల్లోనే ఉన్నాయి. లేనిది ఒకటే, ఇది తమ పని అన్న తలంపు.

సెల్‌ఫోన్ ఉన్న కాలంలో పుస్తకం ఎవరికి అనే మాటకు పెద్ద జవాబు అవసరం లేదు. ఫోన్‌లో కూడా నిడుగల్లు పిల్లవాడి లోకం లేదు. ఉన్నా, చిరిగిపోయే దాకా చేతులు మారే పుస్తకం పని అది చేయదు.

ఆ లోకంలో ఏముందో రాసేవాళ్లు ముందు తెలుసుకోవాలి. ఇక్కడ నేల ఎర్రది, వాన తక్కువ, సెనక్కాయ పంట వాన మీద ఆధారపడుతుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడు తరతరాల సమస్య. తిరుమణి చుట్టూ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. ఆ భూములను రైతులు కౌలుకిచ్చారు. నాన్న పొలంలో నల్లటి అద్దాలు ఎందుకు పుట్టాయని అడిగే పిల్లవాడు ఉన్న సీమ ఇది. సంగటి తినే ఇల్లు, ముద్దె తినే ఇల్లు పక్కపక్కన ఉంటాయి, రెండూ రాగిపిండివే. కొండ మీద బసది శాసనంలో ఏం రాశారో చెప్పే కథ రాయొచ్చు. ఎండిన చెరువులో దేవుడికి ఉత్తరం రాసే పిల్ల కథ రాయొచ్చు. అద్దాల మధ్య తప్పిపోయిన మేకపిల్ల కథ రాయొచ్చు. సంస్కృతం, అరబ్బీ, బైబిలు చదివినవాడికి వీటిని రాయడానికి ఏ అర్హత తక్కువ కాదు. దేవుడు లేని కథ రాయడానికీ అతనికి హక్కు ఉంది, బాధ్యతా ఉంది. పిల్లవాడికి భక్తి ఒక్కటే చెప్పి, మేకపిల్ల గురించి చెప్పని మత సాహిత్యం పిల్లవాడి సగం జీవితాన్ని వదిలేసినట్టే.

అందుకే అడుగుతున్నాను. తిరుపతి ప్రాచ్య కళాశాల, సంస్కృత విశ్వవిద్యాలయం, పుట్టపర్తి విద్యాసంస్థ, సిద్ధగంగ మఠం సంస్కృత కళాశాల తమ స్నాతకోత్తర విద్యార్థులకు ఒక పత్రం బదులు ఒక పిల్లల కథ రాసే అవకాశం ఇవ్వాలి. అది తెలుగు కన్నడ రెండింటిలో ఉండాలి. సరిహద్దు ఊళ్ల పిల్లల ముందు చదివి, వాళ్ల మాట విని సరిదిద్దాకే దానికి మార్కులు వేయాలి. మంచివాటిని దేవస్థానాలు, మఠాలు, మిషన్లు అచ్చు వేసి, పావగడ తాలూకాలోని పంచాయతీ గ్రంథాలయాలకు ఉచితంగా పంపాలి. మొదటి అర నిడుగల్లు హోబళిలో పెట్టండి.